నిలువు నక్షత్రం

మాలియానా,
జనవరి 20, 2002

తమ్ముడు అబీలియోకి,

ఈ ఉత్తరం సిస్టర్ బెనిల్డే చేత పంపుతున్నాను. నెలకోసారి ఆమె కాందిశీకుల శిబిరాలకు మందులు తీసుకుని సరిహద్దు ఏరు దాటి అటు వస్తుంది. నువ్వు అతాంబువాలో బతికి ఉన్నావని మొన్న ఆమె చెప్పేదాకా నాకు తెలియదు. ఆ రోజు జపమాల రెండుసార్లు చెప్పుకున్నాను.

ఇల్లు కాలిపోయింది. గోడలు మిగిలాయి. పైన తాటాకు కప్పించాను. కుట్టుమిషను ముందే బావిలో దింపి పెట్టాను కాబట్టి దక్కింది. తుప్పు గీకి నూనె పెడితే తిరుగుతోంది. మీ వదిన నతేర్సియా నా దగ్గరే ఉంటోంది.

మీ అన్న జెఫెరీనో జాడ ఈనాటికీ లేదు. తొంభై తొమ్మిది సెప్టెంబరులో ఇల్లు వదిలాడు. అప్పటినుంచి మూడు ఆత్మల పండుగలు వెళ్లాయి. సమాధి లేనివాళ్ల పూలు శ్మశానం మధ్య పెద్ద శిలువ కింద పెడతాం కదా, అక్కడే పెట్టి వస్తున్నాను. ఆ శిలువ కింద పూలు మోకాలి ఎత్తు ఉంటున్నాయి.

నతేర్సియా, నేను ఇద్దరం మైల నలుపులోనే ఉన్నాం. మట్టిచేసిన రోజు నుంచి ఏడాది లెక్కపెట్టి నలుపు విప్పాలి. మట్టే చేయనప్పుడు లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో ఫాదర్ గారు కూడా చెప్పలేకపోయారు.

ఇంకొక సంగతి. మే ఇరవయ్యిన దేశం ఐక్యరాజ్యసమితి నుంచి మన చేతికి వస్తుందట. ఊళ్లో ఎగరేసే కొత్త దేశపు జెండా నన్ను కుట్టమన్నారు. సరేనన్నాను.

జెఫెరీనో గురించి నీకు ఏది తెలిసినా రాయి. మంచైనా, చెడైనా.

అక్క
ఎర్మెలిండా


అతాంబువా,
ఫిబ్రవరి 11

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చదవడానికి ఎంతసేపు కావాలిలే. నీ మాటలూ నువ్వు పెట్టే అన్నమూ ఒకటే, ఇంకొంచెం పెడుతుందేమో అనుకునేలోపు గిన్నె మూసేస్తావు.

నేను బాగానే ఉన్నాను. తలమీద నీలం టార్పాలిన్, కింద బురద. ఇక్కడివాళ్లు మీ దేశం పొమ్మంటారు, అక్కడివాళ్లు మా దేశం రావద్దంటారు. మధ్యలో ఏరు ఒక్కటే మమ్మల్ని ఏమీ అనదు. ఒక కోడిపుంజును పెంచుతున్నాను. మొన్న పందెంలో ఒక కన్ను పోగొట్టుకుని మరీ గెలిచింది. దానికి నీ పేరు పెట్టాను. పుంజుకి ఆడపిల్ల పేరేంటిరా అని అందరూ నవ్వుతారు. ఇది మాట్లాడదు, పొడుస్తుంది, ఇంకే పేరు పెట్టను అన్నాను.

నువ్వు జెండా కుట్టడమా. బళ్లో మనకు రెండు రంగులే నేర్పారు, పైన ఎరుపు, కింద తెలుపు. ఆగస్టు పదిహేడున, మనల్ని ఏలినవాళ్ల స్వాతంత్ర్య దినాన, ఎగరేయడం ఒక పూట ఆలస్యమైనందుకు మూడో రంగు నాన్న వీపు మీద తేలింది. ఇప్పుడు నువ్వు నాలుగు రంగులు కుడతానంటున్నావు. చూసుకో.

అన్న కోసం నేనూ వెతుకుతూనే ఉన్నాను. నేను ఆ ఆదివారమే, విడి దేశం కావాలన్న ఓట్ల ఫలితం చెప్పిన మర్నాడే, లారీ ఎక్కి ఇటు వచ్చేశాను. తర్వాత అక్కడ ఏం జరిగిందో నాకేం తెలుస్తుంది? ఇక్కడి ప్రతి శిబిరానికీ వెళ్లి పేరు చెప్పి అడిగాను. ఎక్కడో ఉంటాడు. నలుపు తీసేయండి. వదినకు చెప్పు.

నేను వస్తే ఊళ్లో ఏమంటారో కూడా రాయి.

అబీలియో


మాలియానా,
ఏప్రిల్ 4

అబీలియోకి,

తపస్కాలపు నలభై రోజులూ ఉత్తరం రాయలేదు. ఈస్టరు పూజలో నీ పేరున కొవ్వొత్తి పెట్టాను.

జిల్లా ఆఫీసు నుంచి ఒకాయన జెండా కాగితం తెచ్చాడు. గుడి అరుగు మీద కూర్చుని అందరికీ చదివి వినిపించాడు. పసుపు పరాయి పాలన వదిలిన జాడ. నలుపు మనం దాటిరావలసిన అజ్ఞానపు చీకటి. ఎరుపు విముక్తి పోరాటం. తెలుపు శాంతి. నక్షత్రం దారి చూపే వెలుగు.

ఉపదేశి తోమాజు నీకు గుర్తుండే ఉంటాడు. ఎనభై దాటాయి, నోరు తగ్గలేదు. "నలుపు అజ్ఞానమా నాయనా? ఇక్కడ కూర్చున్న ఆడవాళ్లంతా నలుపులోనే ఉన్నారు. అందులో అజ్ఞాని ఎవరో కాస్త చూపించి పో" అన్నాడు. ఆఫీసాయన కాగితం మడిచి, "నేను రాసింది కాదు తాతా" అన్నాడు. ఆయన కూడా చేతికి నల్లపట్టీ కట్టుకుని ఉన్నాడు.

గుడ్డ రాజధాని దిలీ నుంచి వచ్చింది. నలుపు రంగు దిగుతోంది. పసుపుకు అంటుకోకుండా మూడుసార్లు ఉతికి ఆరేశాను. నక్షత్రం ఒక మొన జెండా ఎడమ పైమూలను చూడాలని కాగితంలో ఉంది. అట్లాగే కత్తిరిస్తున్నాను.

ఇదివరకు ఒక జెండా కుట్టాను. అది నీకు తెలియదు. ఫలితం చెప్పిన వారంలో, ఊళ్లు తగలబడుతున్నప్పుడు, తలుపు వేసుకుని మూడు రోజులు చేత్తో కుట్టాను. ఎరుపు మన ఇంటి ఆగస్టు జెండాలోంచి కత్తిరించింది. నలుపు అమ్మ మైలలో కట్టిన లుంగీ. పసుపు పాత దిండుగలీబు. తెలుపు జెఫెరీనో పెళ్లిచొక్కా. నమూనా, నాన్న ఒకసారి పొయ్యి బూడిదలో గీసి, మేం చూడగానే అరచేత్తో చెరిపేసినదే. డెబ్బై అయిదులో దిలీలో ఆ జెండా, పరాయి సైన్యం దిగేలోపు, తొమ్మిది రోజులే ఎగిరింది. నాన్న కాఫీగింజలు అమ్మడానికి వెళ్లి చూశాడు. మళ్లీ ఇరవై నాలుగేళ్లు ఎవరూ చూడలేదు.

అది జెఫెరీనో తీసుకెళ్లాడు. మేమిద్దరం తప్ప దాన్ని చూసినవాళ్లు లేరు.

నువ్వు వస్తే ఏమంటారని అడిగావు. నువ్వు ఎవరితో తిరిగావో ఊరికి తెలుసు. ఏం చేశావో తెలియదు. నాకూ తెలియదు.

నలుపు తీసేయమన్నావని నతేర్సియాకు చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంది.

అక్క


అతాంబువా,
ఏప్రిల్ 23

అక్కా,

అయితే చివరికి నక్షత్రాన్ని కూడా వంచేశారన్నమాట. నువ్వు సిపాయిని నిలబెట్టినట్టు నిటారుగా నిలబెట్టావు, నెత్తిన ఒక మొన, కింద రెండు కాళ్లు. దాన్ని ఇప్పుడు తాగొచ్చినవాడిలా ఒరగమంటున్నారా? ఆ ఆఫీసాయనతో చెప్పు, మా అక్క నక్షత్రమే తిన్నగా ఉందని, మీరే వంకరగా ఉన్నారని. తోమాజు తాత చేత చెప్పించు, ఇంకా బాగుంటుంది.

ఇక్కడ అన్నం కొలత తగ్గించారు. ఇక పొమ్మని చెప్పడం అన్నమాట. మే పదిహేనున లారీలు వస్తాయట, ఐక్యరాజ్యసమితి వాళ్లవి, ఏరు దాటించి ఊళ్లలో దింపుతారు. సగంమంది పేర్లు రాయించుకున్నారు. నేనూ రాయించుకోనా? నువ్వు రమ్మంటే వస్తాను. కోడిని కూడా తెస్తాను, నువ్వూ అదీ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చోవచ్చు.

నువ్వు పంపిన చింతపండు అందింది. మన చెట్టుదే కదా. కాలలేదా అది?

అబీలియో


మాలియానా,
మే 2

అబీలియో,

ఆ మొదటి జెండాలో నక్షత్రం నిలువుగా ఉంది. నిజమే. గాలి లేని రోజున నాన్న చూశాడు. గుడ్డ కర్రకు వేలాడుతుంటే ఒరుగు ఎక్కడ తెలుస్తుంది? ఆయన నిలువుగా గీశాడు, నేను నిలువుగా కుట్టాను. అది తప్పని నాకు ఈ ఏప్రిల్లో కాగితం చదివాకే తెలిసింది.

ఆ సంగతి నేను నీకు రాయలేదు. నా ఉత్తరం నకలు లేదు గానీ, ఏం రాశానో నాకు గుర్తుంది.

నువ్వు ఆదివారం ఏరు దాటానన్నావు. నేను జెండా చివరి కుట్టు వేసింది బుధవారం పొద్దున, మరియమాత పుట్టినరోజు పండుగ నాడు. నతేర్సియా తన పుట్టింట్లో ఉంది. కుట్టిన గంటకు అది జెఫెరీనో నడుముకు, చొక్కా కింద ఉంది. అతను వెనక గుమ్మంలోంచి వెళ్లిపోయాడు.

నువ్వు దాన్ని చూశావు. అంటే అతన్ని చూశావు.

నేను ఇంకేమీ అడగను. ఎక్కడ ఉన్నాడు?

ఎర్మెలిండా


మాలియానా,
మే 22

అబీలియో,

సిస్టర్ బెనిల్డే వట్టి చేతులతో వచ్చింది. ఉత్తరం చేతికి ఇచ్చానంది. నువ్వు చదివి, మడిచి, కోడికి గింజలు వేస్తూ ఉన్నావంది.

లారీలు పదిహేనున వచ్చాయి. గుడి ముందు దించారు. అందరూ దిగేదాకా నిలబడ్డాను.

సోమవారం పూజ అయ్యాక జెండా ఎగరేశారు. గాలి బాగా వీచింది. నక్షత్రం ఎటు చూస్తోందో అందరికీ కనబడింది. బడిపిల్లలు పాట పాడారు. పక్కింటి ఒలింపియా, ఆమె కొడుకులిద్దరూ ఆ సెప్టెంబరులోనే పోయారు, నా భుజానికి భుజం ఆనించి నిలబడి మెల్లగా అంది: "జెండా బాగా కుట్టావు ఎర్మెలిండా. మీ తమ్ముడు అక్కడ ఏ జెండాకి దండం పెడుతున్నాడో?" చుట్టుపక్కలవాళ్లు విన్నారు. నేను జెండా వైపే చూశాను. ఆమె అనాల్సిన మాటే అంది.

నతేర్సియాకు నీ నక్షత్రం మాట చెప్పాను. దాచడం నా వల్ల కాలేదు. ఆమె ఆ రోజు నుంచి నీ పేరు పలకడం లేదు.

రోజూ సాయంత్రం జపమాలలో ఒక పదిపూసల జపం నీకు, ఒకటి జెఫెరీనోకి. నీది చెప్పేటప్పుడు పూసల లెక్క తప్పుతోంది. అయినా చెబుతున్నాను.

ఎక్కడ ఉన్నాడు?

ఎర్మెలిండా


అతాంబువా,
జూలై 9

అక్కా,

నీ రెండు ఉత్తరాలూ నా దగ్గరున్నాయి. పేరు రాయించుకోలేదు.

నేను ఆదివారం వెళ్లలేదు. బుధవారం దాకా మాలిబాకా ఏటి రేవు దగ్గరే ఉన్నాను, ఊళ్లు తగలబెట్టిన ఆ దండుతో. నుదుటికి ఎరుపు తెలుపు పట్టీ కట్టుకుని, దాటేవాళ్ల మూటలు విప్పి చూడటం నా పని. బియ్యం ఇస్తామన్నారు, చేరాను. భయపడి చేరానని రాద్దామనుకున్నాను. భయం తర్వాత వచ్చింది.

ఆ బుధవారం మధ్యాహ్నం అన్న వచ్చాడు. ఏటి వెంబడి కొండల్లోకి పోతున్న నలుగురు ముసలివాళ్లతో కలిసి నడుస్తున్నాడు. నడుం దగ్గర లావుగా ఉందని మా నాయకుడికి అనుమానం వచ్చింది. నన్ను పిలిచాడు. "ఏరా, వీడు మీ ఊరివాడేనా? ఎవడు వీడు?"

"తెలీదు" అన్నాను.

మళ్లీ అడిగాడు. మళ్లీ అదే అన్నాను. అప్పుడు అన్నవైపు తిరిగి, నన్ను చూపించి, "నీకు వీడు తెలుసా?" అన్నాడు. అన్న నా వైపు చూశాడు. "తెలీదండీ. నాది ఇటువైపు కాదు" అన్నాడు.

అక్కా, నేను నన్ను కాపాడుకోవడానికి అన్నాను. అన్న నన్ను కాపాడటానికి అన్నాడు. మాట మాత్రం ఒకటే.

చొక్కా ఎత్తారు. జెండా లాగి ఇసుకలో పరిచారు. అందరం చుట్టూ చేరి చూశాం. మాలో ఒక్కడూ అంతకుముందు దాన్ని చూసినవాడు కాదు. చూడగానే నీ చెయ్యి అని నాకు తెలిసిపోయింది. నక్షత్రం అంచు తెల్లదారంతో మొదలై, దారం అయిపోయి, నీలం దారంతో ముగిసింది. ఎవరు కుట్టారని అడిగారు. "నేనే" అన్నాడు. మగాడివి నీకు కుట్టెలా వచ్చురా అని నవ్వారు. కొడుతూ అడిగారు. మూడుసార్లు అడిగారు, మూడుసార్లూ "నేనే" అన్నాడు. నాలుగోసారి అడగాల్సిన పని లేకపోయింది.

నేను కొట్టలేదు. ఈ ముక్క రాసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. కొట్టనివాడు ఏం చేశాడని నువ్వడిగితే, నిలబడ్డాను.

గుంట తవ్వమని నన్నే పంపారు. జెండా తగలబెట్టమన్నారు. నా తువ్వాలూ, నుదుటి పట్టీ తగలబెట్టాను. పొగ చూసి వాళ్లు సరే అనుకున్నారు. జెండా అన్న ముఖం మీద కప్పాను.

ఆడవాళ్లు బట్టలుతికే బల్లపరుపు రాయి ఉంది కదా. అక్కడినుంచి కొండవైపు నడిస్తే మూడో సరుగుడు చెట్టు. దాని మొదలు మీద కత్తితో శిలువ గీశాను. చెట్టుతోపాటు గీత కూడా సాగి ఉంటుంది, జాగ్రత్తగా చూడండి.

శిబిరాల్లో అన్న కోసం వెతికానని రాశాను. అది అబద్ధమని నువ్వనుకుంటావు. కాదు అక్కా. నిజంగానే ప్రతి శిబిరానికీ వెళ్లి పేరు చెప్పి అడిగాను. ఎవరైనా "చూశాం, ఉన్నాడు" అంటారేమోనని.

అబీలియో


మాలియానా,
నవంబరు 4

అబీలియోకి,

నీ ఉత్తరం ఐక్యరాజ్యసమితి విదేశీ పోలీసులకు చూపించాను. చూపించకుండా తవ్వడం కుదరదన్నారు. వాళ్లు దాన్ని ఇంకో కాగితం మీదికి ఎక్కించుకుని, కిందనే నీ పేరు రాసుకున్నారు. ఇది నీకు తెలియాలి.

ఆగస్టు చివర్లో తవ్వారు. మూడో సరుగుడే. శిలువ గీత జానెడు వెడల్పు అయింది. నతేర్సియా ముందు చూసింది. గుంట పక్కన చాప పరిచి ఇద్దరం కూర్చున్నాం. ఎరుపు, నలుపు, పసుపు మట్టిలో కలిసిపోయాయి. పెళ్లిచొక్కా నూలుది కాదు కాబట్టి నక్షత్రం మిగిలింది. నాలుగు మొనలు తెల్లదారం, ఒకటి నీలం దారం. డాక్టరు ఇంకేవో గుర్తులు అడిగాడు. నాకు ఇదొక్కటే చాలన్నాను.

ఎముకలు అక్టోబరులో ఇచ్చారు. చిన్న పెట్టె. మోయడానికి ఒక్కరు చాలు, అయినా నలుగురు మోశారు. జిల్లా ఆఫీసాయన కొత్త జెండా తెచ్చాడు. పెట్టెలోని నక్షత్రాన్ని చూసి, "అమ్మా, అది పద్ధతి ప్రకారం లేదు కదా, దాన్ని తీసేసి ఇది కప్పుదామా" అని మర్యాదగానే అడిగాడు. పైన మీది కప్పండి, లోపలిది లోపలే ఉంటుందన్నాను. దాన్ని పెట్టేటప్పుడు ఒరగకుండా నిలువుగా పెట్టాను.

ఇప్పుడు నేను చెప్పాల్సింది ఒకటుంది. జెఫెరీనో జెండా తీసుకెళ్లాడని నీకు రాశాను. అది సరిగా రాయలేదు. ఆ బుధవారం అతను, "అక్కా, ఇది నాతో ఉంటే నాకు ముప్పు, ఇక్కడుంటే నీకు ముప్పు. పొయ్యిలో పెట్టేద్దాం" అన్నాడు. మూడు రోజులు కుట్టాను, బూడిద చేయనన్నాను. నేనే అతని నడుముకు చుట్టి, నేనే తాడు బిగించి, నేనే చొక్కా గుండీలు పెట్టాను. చేతులు పైకెత్తి, చిన్నప్పుడు స్నానానికి నిలబడ్డట్టు నిలబడ్డాడు. అక్కడ "నేనే" అన్నప్పుడు ఎవరిని దాచాడో నీకు తెలుసు. ఈ సంగతి ఫాదర్ గారికి పాపం ఒప్పుకునేటప్పుడు చెప్పాను. నతేర్సియాకు చెప్పాను. నీకు చెబుతున్నాను.

అందుకే నీ మీద తీర్పు చెప్పే పీట మీద నేను కూర్చోను. అలాగని నీ తరఫున మాట్లాడను. నువ్వు వస్తే ముందు పోలీసులు, తర్వాత న్యాయమూర్తి, ఆ తర్వాత తగవు తీర్చడానికి ఊరివాళ్లు పరిచే చాప. ఒలింపియా ఎదురుగా కూర్చుంటుంది. ఆమె అడిగినదానికల్లా నువ్వే జవాబు చెప్పాలి. నేను పక్కన కూర్చుంటాను. అంతవరకే నా చేతిలో ఉంది.

మొన్న ఆత్మల పండుగకు పూలు పెద్ద శిలువ కింద పెట్టలేదు. జెఫెరీనో మీదే పెట్టాం. నతేర్సియా కొవ్వొత్తి ఆరిపోకుండా చేతులు అడ్డం పెట్టుకుని చివరిదాకా కూర్చుంది.

అక్టోబరు ముప్పయ్యిన మట్టి చేశాం. అక్కడినుంచి ఏడాది లెక్క మొదలైంది. వచ్చే అక్టోబరులో నలుపు విప్పుతాం.

ఈ ఉత్తరంలో చిన్న నల్లగుడ్డ ముక్క ఉంది. ఊరి జెండాకు కత్తిరించగా మిగిలింది. ఇక రంగు దిగదు. చొక్కా మీద ఎడమవైపు పెట్టుకో. పెట్టుకోవడం ఎవరికి వాళ్లం పెట్టుకుంటాం. విప్పాల్సింది ఇంటివాళ్లు. ఇక్కడికి వస్తేనే అది జరుగుతుంది. నీది విప్పుతావా అని నతేర్సియాను అడిగాను. ఆమె ఏమీ అనలేదు.

గుడ్డ అంచు మాత్రం ఆమే మడిచి కుట్టింది.

అక్క
ఎర్మెలిండా